ఊక బూడిద బట్టీలో ఐరేని కుండలు

మా డాబా మీద తెల్లచీర ఆరేయడం ఎప్పుడో మానేశాను. తాడేపల్లిగూడెంలో మా ఇంటి వెనకే మా మరిదిగారి బియ్యం మిల్లు. బాయిలర్లో ఊక కాలుస్తారు. గాలి మావైపు తిరిగిందంటే బట్టల మీద, వడియాల మీద, మంచినీళ్ళ బిందె మూత మీద కూడా బూడిదే. దీని గురించి నాకూ మా మరిదికీ నడిచిన పోట్లాట పాతబడిపోయింది. ఇప్పుడు ఎవరం అరుచుకోం, ముఖాలు మాత్రం ముడుచుకుంటాం. అలాంటి నాకు, అమీన్‌పూర్‌లో ఉండే చిన్ననాటి స్నేహితురాలు వసంత ఒక వీడియో పంపింది. ఒకాయన బకెట్ నీళ్ళలో ఇటుక వేశాడు. ఇటుక తేలింది. ఊక బూడిదతో చేసిందట, మా దగ్గరే, వచ్చి చూడు అని కింద రాసింది. బూడిదను తిట్టుకుంటూ బతికినదాన్ని బూడిద చూడ్డానికి రైలెక్కానని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

వెళ్ళింది ఇటుక కోసం. వచ్చాక కనబడినవాళ్ళందరికీ చెబుతున్నది కుండల గురించి.

పటాన్‌చెరు

పటాన్‌చెరులో బస్సు దిగగానే టీ తాగాను. పదిహేను రూపాయలు. మా ఊళ్ళో గ్లాసు నిండా పోస్తే తప్ప బేరం ఒప్పుకోరు, ఇక్కడ కప్పు చిన్నది, టీ మాత్రం చిక్కగా, మీగడ కట్టి, చక్కెర పాకంలా ఉంది. తాగాక రెండోది అడిగాను. షేర్ ఆటో దగ్గరకు వెళ్ళి "గడ్డపోతారానికి ఎంత తీసుకుంటారండీ" అన్నానో లేదో, లోపల కూర్చున్న నలుగురూ నావైపు తిరిగారు. ఆ ‘అండీ’ నా ఊరి పేరు చెప్పేసింది. ఒకావిడ నవ్వి, "జెర జరుగుండ్రి, అమ్మను కూసోనియ్యుండ్రి" అని చోటిప్పించింది. ఆవిడ ఒక మందుల కంపెనీలో సీసాలు కడుగుతుందట. మా ఇళ్ళలో పెళ్ళిళ్ళు ఎలా చేస్తారు, పప్పులో చింతపండు వేస్తామా లేదా అని దారంతా అడిగింది.

దిగాల్సిన చోటు ఎలా తెలుస్తుందని అడిగితే డ్రైవర్ చెప్పిన గుర్తు నాకు కొత్త. ముందు ముక్కు మండే వాసన వస్తుందట, తర్వాత పండిన అరటిపండు లాంటి కమ్మటి వాసన, అది కూడా పోయాక దిగమన్నాడు. నా ముక్కు అంత చదువుకున్నది కాదు. కమ్మటి వాసన దగ్గరే దిగిపోయి, ఒకేలా ఉన్న గేట్ల ముందు ఎండలో చాలాసేపు నడిచాను. ఒక గేటు కాపలా మనిషి నేను ఉద్యోగం కోసం వచ్చాననుకుని వయసు దాటిపోయిందన్నాడు. కోపం వచ్చింది గానీ, మంచినీళ్ళిచ్చింది కూడా ఆయనే.

గడ్డపోతారం

ఆ తేలే ఇటుకలు చేసే షెడ్డు యజమాని పేరు నర్సింలు. నలభై ఏళ్ళుంటాయి. ఇంద్రేశంలో కుమ్మరి ఇంట పుట్టి, ఒక కంపెనీలో బాయిలర్ ఆపరేటర్‌గా చేసి, అది మానేసి ఈ పని పెట్టుకున్నాడు. నేను లోపలికి అడుగు పెట్టకముందే చేతికి ఒక గుడ్డ ఇచ్చాడు.

"ముక్కుకు కట్టుకోండ్రి మేడం. ఈ దుమ్ము లోపలికి పోతె మల్ల బయటికి రాదు."

షెడ్డులో ఒకవైపు తెల్ల బూడిద గుట్ట, ఇంకోవైపు నల్ల బూడిద గుట్ట. రెండూ బాయిలర్లలో కాల్చిన ఊకే. నల్లది సరిగా కాలనిదట, దాన్ని మళ్ళీ కాల్చాలి. తెల్లదాన్ని జల్లించి, కాస్త బంకమట్టి కలిపి, తడిపి, అచ్చుల్లో నొక్కి, నీడన ఆరబెట్టి గ్యాస్ బట్టీలో కాలుస్తారు. బట్టీ అంటే ఇనుప చట్రంలో ఒక గది. దాని లోపలి గోడలు, సామాను నిలబెట్టే పలకలు, మూసే తలుపు అన్నీ ఇక్కడ చేసిన బూడిద ఇటుకలే. వీటిని లోహం కరిగించేవాళ్ళు కొలుముల లోపలి గోడలకు కొనుక్కుపోతారు. వేడి బయటికి రానివ్వవు.

వేడి రానివ్వదంటే నేను నమ్మలేదు. బీహార్ నుంచి వచ్చి అక్కడ పనిచేస్తున్న సంజయ్ ఒక ఇటుకను అరచేతిలో పెట్టుకున్నాడు. నర్సింలు గ్యాస్ మంట తెచ్చి ఇటుక పైభాగానికి పట్టాడు. పైన ఎర్రగా కణకణలాడుతోంది, కింద సంజయ్ అరచేయి. "డరో మత్ దీదీ" అని వాడే నాకు ధైర్యం చెప్పాడు. తర్వాత నా చేతిలోనూ పెట్టారు. కాసింత వెచ్చదనం కూడా తగల్లేదు. ఇన్నేళ్ళు నా చీరలు పాడుచేసిన బూడిద ఇంత పని చేయగలదని తెలిసి, నిజం చెప్పాలంటే, నాకు కొంచెం ఉక్రోషం వచ్చింది.

ఏ కంపెనీ బూడిదైనా తీసుకుంటారా అని అడిగాను. నర్సింలు తల అడ్డంగా ఊపాడు. ఊక బూడిద ఒక్కటేనట, అదీ పరీక్ష చేయించాకే. మందుల చెత్త కాల్చిన బూడిద గేటు దాటనివ్వడు. ఎదురు డబ్బిచ్చి మరీ తీసుకుపొమ్మన్నవాళ్ళు ఉన్నారట.

మధ్యాహ్నం అందరం కింద కూర్చుని జొన్న రొట్టెలు, పచ్చిపులుసు తిన్నాం. మాకు పులుసంటే పొయ్యి మీద మరగాలి. వీళ్ళు చింతపండు నీళ్ళలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి పిసికి అలాగే వడ్డించేస్తారు. మొదటి ముద్దకు ఇదేం పులుసనిపించింది, చివరికి గిన్నె నేనే ఖాళీ చేశాను. రొట్టెలు ఇంటినుంచి వచ్చాయా అంటే నర్సింలు అవునన్నాడు, అమ్మ చేసిందన్నాడు. మీ అమ్మగారు ఇక్కడికి వస్తుంటారా అన్నాను మాటవరసకి. లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"రొట్టెలు పంపిస్తది. కాలు మాత్రం పెట్టలే."

తర్వాత మెల్లగా చెప్పాడు. చిన్నప్పుడు వాళ్ళకు రెండు బర్రెలుండేవి. కంపెనీల నుంచి వచ్చిన నీళ్ళు వాగులో కలిసిన ఏడాదే రెండూ చచ్చిపోయాయి. బావి నీళ్ళు రంగు మారాయి. అప్పటినుంచి వాళ్ళమ్మ సత్తవ్వకు కంపెనీ అన్న మాటే గిట్టదు. కొడుకు బాయిలర్ నౌకరీకి పోతే ఏడ్చింది, మానేస్తే సంతోషించింది, తీరా బూడిద పని పెట్టుకుంటే మళ్ళీ ముఖం తిప్పుకుంది.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చి పడింది. ఆ వైపు పెళ్ళిళ్ళలో ఐరేని కుండలని ఉంటాయి. సున్నం, జాజు అనే ఎర్రమట్టి పూసి పందిట్లో పెడతారు. అవి లేనిదే పెళ్ళి నడవదు. పెళ్ళివాళ్ళు డప్పులతో కుమ్మరి ఇంటికి వచ్చి, కుండలు చేసే చక్రానికి, అంటే సారెకు, పసుపు కుంకుమ పెట్టి వాటిని ఎత్తుకుపోతారు. ఇంద్రేశంలో ఆ హక్కు సత్తవ్వ ఇంటిది. ఆ వారంలోనే మాణెమ్మ అనే రైతుల ఇంటి ఆవిడ కూతురి పెళ్ళి. కుండలు ఆరి సిద్ధంగా ఉన్నాయి, కాల్చడానికి కట్టెల ఆవం లేదు. చుట్టూ వెలసిన కొత్త లేఔట్ల వాళ్ళు ఆవం పొగ మీద ఫిర్యాదు చేస్తే ఆఫీసు మనుషులొచ్చి ఆపించేశారు. మాణెమ్మ ఇంట్లో కుర్రవాళ్ళు పటాన్‌చెరు దుకాణంలో రంగులేసిన స్టీలు కుండలు చూసి వచ్చారట. ఒక్కసారి అవి పందిట్లోకి వచ్చాయంటే మళ్ళీ సత్తవ్వ గడపకు డప్పు రాదు.

"నా బట్టీల కాల్చుకో అమ్మా అన్న. మూడు దినాలాయె, ఉలుకు లేదు పలుకు లేదు" అన్నాడు నర్సింలు.

ఇంద్రేశం

మరునాడు వసంత కారులో ఇంద్రేశం వెళ్ళాం. రోడ్డు పొడుగునా ప్లాట్ల బోర్డులు, వాటి మధ్య ఒక రేకుల ఇల్లు, వాకిట్లో సారె. మనిషి లేదు. వెతుక్కుంటూ వెళితే, కట్టెల పొయ్యి మీద బగారా అన్నం వండే ఒక చిన్న హోటల్ వెనక, సత్తవ్వ వంగి చల్లారిన పొయ్యిలోంచి బూడిద తీసి సంచిలోకి ఎత్తుకుంటోంది.

కుండను చెక్కతో కొట్టి సాగదీసేటప్పుడు పచ్చిమట్టి చెక్కకు అంటుకోకుండా కాస్త బూడిద అద్దుతారు. కుమ్మరి ఇంట బూడిద లేకపోతే చెక్క ఆడదు. ఇప్పుడు ఇంటింటా గ్యాసు, సత్తవ్వ ఇంట్లో కూడా సిలిండరే, అందుకని బూడిద కోసం ఊరంతా తిరుగుతుంది. నాకు ఊరుకునే నోరు లేదు. కొడుకు దగ్గర గుట్టలున్నాయి కదమ్మా అన్నాను.

ఆవిడ సంచి మూతి కట్టి నన్ను ఎగాదిగా చూసింది. "గది అన్నం వండిన పొయ్యిల బూడిద గాదు బిడ్డా" అంది.

ఇంటికి తీసుకుపోయి మక్క గారెలు, అంటే మొక్కజొన్న గారెలు, పెట్టింది. ఒక చెంబులో కల్లు కూడా తెచ్చింది. మా వైపు ఆడవాళ్ళం కల్లు పేరెత్తితేనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటాం, ఇక్కడ చుట్టానికి మర్యాద. వసంత నావైపు చూసి నవ్వుతోంది. రెండు గుక్కలు తాగాను. మూడో గుక్క ఎందుకు తాగానో నాకు తెలియదు.

గోడవార కుండలు వరసగా బోర్లించి ఉన్నాయి. పచ్చివి, బూడిదరంగువి, వేలితో గట్టిగా నొక్కితే విరిగిపోయేటట్టు ఉన్నాయి. మాణెమ్మ పెళ్ళికీ, మాణెమ్మ తల్లి పెళ్ళికీ కుండలు ఈ ఇంటినుంచే వెళ్ళాయని సత్తవ్వ చెప్పింది. తల్లి పెళ్ళివి సత్తవ్వ అత్త చేసినవి, మాణెమ్మ పెళ్ళివి సత్తవ్వ చేసినవి. ఇన్ని ప్లాట్లు లేచాక ఊళ్ళో తన ఇంటికి మిగిలిన మర్యాద ఆ డప్పు ఒక్కటేనంది. ఆ మాట చెప్పేటప్పుడు ఏడవలేదు, గారెల గిన్నె మూత సరిచేసింది.

ఆ వేళకి నర్సింలు వచ్చాడు. తల్లీకొడుకుల మాటలు మా ముందే జరిగాయి. బట్టీలో కాల్చడానికి ఆవిడ ఒప్పుకుంది, ఇంకో దారి లేదు. కుండలు కాలాక ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చేస్తాననీ, ఎక్కడ కాల్చామో ఎవరికీ చెప్పనక్కరలేదనీ అతను అన్నాడు. దానికి మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. మంటలోంచి దిగిన ఐరేని కుండ పెళ్ళి పందిట్లోకే పోవాలి, మధ్యలో ఇంకో గడప తొక్కకూడదు.

"మా అత్త గట్లనే జేసింది, నేను గట్లనే జేసిన. తీసుకపోవుడుంటె వాళ్ళే నీ షెడ్డుకొస్తరు. లేకుంటె లేదు."

సాయంత్రం తానే మాణెమ్మ ఇంటికి వెళ్ళి ఉన్న మాట చెప్పి వచ్చింది. మాణెమ్మ కాదనలేదు, అవుననలేదు. పెళ్ళి పొద్దున చూద్దామందట.

మళ్ళీ బట్టీ దగ్గర

మరునాడు కుండలను గడ్డిలో పొదిగి ఆటోలో తెచ్చారు. సత్తవ్వ షెడ్డు వాకిట్లో దిగి, గుమ్మం దగ్గర ఆగింది. చెప్పులు విడిచింది. కొడుకు షెడ్డులోకి మొదటిసారి వచ్చింది, అటూ ఇటూ చూడకుండా నేరుగా బట్టీ దగ్గరకే నడిచింది. ఏ కుండ ఎక్కడ కూర్చోవాలో తానే చెప్పింది. పలకల మీద కుండలు ఎక్కాక ఇటుకలతో తలుపు మూశారు, మంట పెట్టారు.

తర్వాత చేసే పని లేక ఒక బోర్లించిన డబ్బా మీద కూర్చుంది. పక్కనే జల్లించని తెల్ల బూడిద కుప్ప. చెయ్యి ఊరుకోక అందులోంచి చిటికెడు తీసింది. కళ్ళ దగ్గరగా పెట్టుకుంది. నేనూ వంగి చూశాను. మా డాబా మీద ఇంత బూడిద ఊడ్చాను గానీ ఎప్పుడూ అలా చూసిన పాపాన పోలేదు. ఒక్కొక్కటీ వడ్లగింజ ఆకారమే. పైపొట్టు చీలిక చీలికగా, దాని మీది గీతలతో సహా, తెల్లగా అలాగే ఉంది.

"గిది వడ్ల పొట్టు గాదుర?" అంది సత్తవ్వ.

"పొట్టే అమ్మా. మరేందనుకున్నవ్ ఇన్నొద్దులు?"

"కంపినీ బూడిద అంటివి గద. కంపినీల ఏం కాలుస్తరో నాకేమెరుక."

ఇన్నేళ్ళలో నర్సింలు చెప్పనూ లేదు, ఆవిడ అడగనూ లేదు. సత్తవ్వ ఆ చిటికెడు మళ్ళీ కుప్పలోనే వేసి, వేళ్ళు కొంగుకు తుడుచుకుంది.

అమీన్‌పూర్

బట్టీ చల్లారడానికి మరో రోజంతా పట్టింది. ఆ రోజు వసంత నన్ను చెరువు గట్టుకు తీసుకుపోయింది. ఒకవైపు కొంగలు, ఇంకోవైపు అపార్టుమెంట్లు, పొద్దున్నే ఆఫీసులకు బారులు తీరిన కార్లు. వాళ్ళ అపార్టుమెంటు వాళ్ళు కూడా కిందటేడు పక్కన ఎవరో కట్టెలు కాల్చి పొగ పెడుతున్నారని ఫిర్యాదు రాశారట. వసంత సంతకం పెట్టింది. ఎవరు కాలుస్తున్నారో, ఎందుకో అడగలేదంది. మా మరిది ముఖం గుర్తొచ్చింది, పోట్లాడ్డమే తప్ప నేను కూడా ఆయన్ను ఏదీ అడిగినట్టు లేదు.

డీసీఎం

పెళ్ళి రోజు పొద్దున్నే షెడ్డు చేరుకున్నాం. సత్తవ్వ కుండలు దింపి, సున్నం పూసి, జాజుతో గీతలు గీసి, వాకిట్లో వరసగా పెట్టింది. కొత్త చీర కట్టుకుంది. లారీలు పోతున్నాయి, వస్తున్నాయి. నర్సింలు రోడ్డు మీదికి వెళ్ళి చూసి వస్తున్నాడు. ఎండ ఎక్కుతోంది. వాళ్ళు రారనే నాకనిపించింది. నాలుగు రోజుల పరిచయానికి ఇంత బాధేమిటని నన్ను నేనే అడిగాను.

అప్పుడు డప్పు వినిపించింది. సామాను వేసే డీసీఎం బండి ఒకటి గేట్ల మధ్య నుంచి వస్తోంది. దాని వెనక తొట్టిలో పట్టుచీరల ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు, డప్పుల వాళ్ళు అంచున కూర్చుని కొడుతున్నారు. పక్క కంపెనీల నుంచి టోపీలు పెట్టుకున్న పనివాళ్ళు బయటికి వచ్చి చూశారు.

మాణెమ్మ దిగింది. కుండల దగ్గర కూర్చుని ఒక్కోదాన్నీ వేలి కణుపుతో కొట్టింది. ఖంగుమని మోగాయి. ఆవంలో కాలిన కుండ ఇంతగా మోగదని ఆవిడకూ తెలుసు. చెయ్యెత్తితే డప్పు ఆగింది.

"మా బోరు నీళ్ళు పచ్చగైన కాడికెల్లి ఈ దిక్కు వస్తువు ఒక్కటి గూడ ఇంట్లకు తేలే సత్తవ్వా. నిజం జెప్పు. కుండల కంపినీది ఏమన్న కలిపినవా?"

కలపలేదని చెబితే సరిపోయేది, అది నిజమే. సత్తవ్వ లేచి నిలబడింది.

"కుండల లేదు పటేలమ్మా. మన్ను నాది, నా చేతిది. కుండ కింద పలక బూడిదది, సుట్టు గోడ బూడిదది. వడ్ల పొట్టు బూడిద. మంటను పట్టింది గదే. ఇష్టముంటె ఎత్తుకోండ్రి."

మాణెమ్మ కుండల దగ్గరి నుంచి లేచింది. "లేదని తప్పిచ్చుకుంటవనుకున్న" అంది. పసుపు కుంకుమల పళ్ళెం అందుకుంది. అంతా ఊపిరి పీల్చుకున్నాం.

అప్పుడు వెనకనుంచి ఒక ముసలావిడ అడిగింది, సారె ఏదని.

ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. కుండలు కాల్చడం, ఎక్కించడం, దింపడం, సున్నం పూయడం అన్నీ గుర్తున్నాయి. బొట్టు పెట్టాల్సిన సారె ఇంద్రేశంలో వాకిట్లోనే ఉండిపోయింది. తరతరాలుగా కుండ ఉన్నచోటే సారె ఉండేది, తేవాలన్న ఆలోచన ఎవరికొస్తుంది? సత్తవ్వ ముఖం రంగు మారిపోయింది. నర్సింలు తన మోటారు సైకిలు తాళం కోసం జేబులు తడుముకున్నాడు. వెళ్ళి రావడానికి ముహూర్తం ఆగదు, అంత బరువు మోటారు సైకిలు మీద రాదు.

మాణెమ్మ చుట్టూ చూసింది. బట్టీ తలుపుకు పేర్చిన ఇటుకలు తీసి పక్కన పెట్టి ఉన్నాయి. పళ్ళెంతో అక్కడికి నడిచింది. ఒక తెల్ల ఇటుకకు పసుపు రాసి, మీద కుంకుమ బొట్టు పెట్టింది.

"కుండను కాసింది గిదే అంటివి గద" అంది సత్తవ్వతో. ఆవిడ ఒడిలో బియ్యం పోసి చీర పెట్టింది. తర్వాత డప్పుల వాళ్ళ వైపు తిరిగి, ఏమాయె, కొట్టుండ్రి అని కసిరింది. ఆడవాళ్ళు కుండలు నెత్తికెత్తుకున్నారు. నర్సింలు గోడవైపు తిరిగి ముఖం తుడుచుకున్నాడు, బూడిద అనుకోమన్నట్టు.

తిరుగు దారి

ఆ బొట్టు ఇటుక కావాలని నర్సింలును అడిగాను. ఇవ్వనన్నాడు, తలుపులో అదే చోట పెడతానన్నాడు. ఇంకొకటిస్తానన్నాడు. అది ఇప్పుడు మా మరిది మిల్లులో బల్ల మీద ఉంది. తేగానే బకెట్లో వేసి చూశాడు. నేను లేననుకుని రెండోసారి వేసి చూశాడు.

ఆ ఇటుక ఇవ్వడానికి నర్సింలు మరునాడు పొద్దున్నే పటాన్‌చెరు బస్సు దగ్గరకు వచ్చాడు. బండి మీద ముందు ఒక చిన్న సంచి ఉంది, మూతి జాగ్రత్తగా కట్టి ఉంది. అది కూడా నాకేనేమోనని చెయ్యి చాచాను. కాదని నవ్వి, సంచిని తనవైపు జరుపుకున్నాడు.

"తెల్ల బూడిద. చెక్కకు అద్దుకోనీకి అమ్మ తెమ్మన్నది."